మెట్ల కింద గదిలో మాస్టారు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం గేటు గొళ్లెం చప్పుడైతే వెళ్లి చూశాను. అప్పలరాజు. మల్కాపురం మనిషి, ఒకప్పుడు పోర్టులో కలాసీ. ఎడమ కాలికి మామూలు చెప్పు, కుడి కాలికి నాలుగు వేళ్ల మందాన అడుగు వేయించిన బూటు. రెండు బస్సులు మారి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయి ఉంది.

“మాష్టారు పోనారమ్మా,” అన్నాడు గేటు బయటే నిలబడి. “పదకొండో రోజు కూడా అయిపోనాది. మీ పోను నెంబరు ఎవుల కాడా లేదు. అందుకే నానే ఒచ్చీసినాను.”

లోపలికి పిలిచి కుర్చీ వేసి, టీ పెట్టాను. చాలామంది వచ్చారా అని అడిగాను.

“రాకేటమ్మా! టెంటోడు పదకొండో రోజుకి నలభై కుర్సీలేసి, మిగతా జనానికి కింద జంపఖానాలు పరిసీసినాడు. ఒచ్చినోల్లలో సగం మంది కింద కూకోలేనోల్లే కదా! మళ్లీ ఆటో కట్టించి కుర్సీలు తెప్పించినాం.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూండగానే నాకు ఏడుపొచ్చింది. అప్పలరాజు తల వంచుకుని టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మాది గోదావరి జిల్లా. మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి తొంభైల మొదట్లో విశాఖపట్నం వచ్చాం. పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక గాజువాకలో ఒక ఎముకల ఆసుపత్రిలో రిసెప్షన్‌లో చేరాను. పేరు రాసుకోవడం, చీటీ ఇవ్వడం, ఎక్స్‌రే కవర్లు వెతికి పెట్టడం నా పని. నా కుర్చీకి ఎదురుగా మెట్లు. ఆ మెట్ల కింద గది మాస్టారిది.

ఆయన ఫిజియోథెరపిస్టు. ఆ మాట నోరు తిరగక పేషెంట్లు ‘కసరత్తు మాష్టారు’ అనేవారు. చివరికి పెద్ద డాక్టరుగారితో సహా అందరం మాస్టారనే పిలిచాం. ఆరడుగుల మనిషి, దానికి తగ్గ పొట్ట. గది కప్పేమో మెట్ల వాలున ఒక పక్కకి దిగిపోయి ఉండేది. రోజుకొకసారైనా ఆ మూల తల తగిలించుకునేవారు. తగిలినప్పుడల్లా తల రుద్దుకుంటూ బయటికొచ్చి, మెట్లెక్కుతున్న వాళ్ల వైపు వాళ్లదే తప్పయినట్టు చూసేవారు.

పేషెంటుని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకునేవారు. మే నెలలో కూడా. అదొక అలవాటు. ఇంకో అలవాటు, గది బయట విడిచిన చెప్పుల్ని పరీక్షగా చూడటం. ఒంగి ఒక చెప్పు తిప్పి అడుగు చూసి, నా వైపు తిరిగి, “సెల్లమ్మా, ఈ బులుగు సెప్పులెవులివి? ఆయన్ని ముందు పంపీ. శానా సేపు కూకోలేడు,” అనేవారు. నేను పిలిస్తే, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి పళ్లు బిగించుకుని కూర్చున్న మనిషెవరో లేచేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

మూడు గిన్నెల క్యారేజీ తెచ్చుకునేవారు. బరువు తగ్గితే తుంటి మీద భారం తగ్గుతుందని పేషెంట్లకి చెబుతూ, మాటల మధ్యలో క్యారేజీ విప్పేవారు. ఎవరైనా నవ్వితే, “నన్ను సూడకండి బావా, నాను సెప్పింది ఇనండి,” అనేవారు.

కర్ర విషయంలో మాత్రం ఆయనకి మొహమాటం లేదు. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. కుడి తుంటి నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఒకసారి ఇద్దరం ఒకే బస్సులో వెళ్తున్నాం. శ్రీహరిపురం దగ్గర రోడ్డు పక్కన ఎవరో ముసలాయన కుడి కాలు కుంటుతూ, కర్ర కూడా కుడి చేత్తోనే పట్టుకుని నడుస్తున్నాడు. మాస్టారు “ఆపండాపండి” అంటూ కండక్టరుని తోసుకుని దిగిపోయారు. వెనక అద్దంలోంచి చూస్తే, ముసలాయన కర్ర పైకెత్తి ఈయన్ని తిడుతున్నాడు. మర్నాడు అడిగితే మాస్టారు, “కొట్టడానికి కర్రెత్తినాడు గానీ, ఎత్తింది ఎడం సేత్తో. అలాగే పట్టుకుని ఎల్లిపోనాడు,” అని సంబరంగా చెప్పారు.

ఆయన బల్ల సొరుగులో ఒక రేకు డబ్బా ఉండేది. అందులో ఉక్కుతో చేసిన తుంటి కీలు. జానెడు పొడవు కాడ, దాని చివర నిమ్మకాయంత నున్నటి గుండు. ఆపరేషన్ చెయ్యాలని డాక్టరుగారు రాసిన ప్రతి మనిషి చేతిలోనూ దాన్ని పెట్టేవారు. అది అప్పలరాజు ఒంట్లోంచి తీసింది.

నేను చేరిన రెండో ఏడు సంగతి. అప్పలరాజుకి అప్పటికి నలభై అయిదు ఉంటాయేమో. కుడి తుంటి అరిగిపోయి, ఓడలెక్కలేక డ్యూటీ ఎగ్గొడుతున్నాడు. ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టరుగారు. అతను మెట్ల కింద గదికొచ్చి, “మీ తమ్ముడైతే ఏటి సెప్తారు మాష్టారూ?” అని అడిగాడు.

“సేయించీసుకోమంటాను,” అన్నారు ఆయన. అంతే. ఒక్క మాట. ఆ ధైర్యంతో అతను సంతకం పెట్టేశాడు.

మూడు నెలలు బాగానే నడిచాడు. తర్వాత లోపల చీము పట్టింది. కడిగారు, మందులు వాడారు, మళ్లీ కడిగారు. తగ్గక చివరికి కీలు తీసేశారు. డాక్టరుగారి తప్పు లేదు, నర్సుల తప్పు లేదు. ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో ఒకరికి అలా జరుగుతుంది. కాలు పొట్టిదైపోయింది. పోర్టులో కూర్చుని చేసే పని ఇచ్చారు. అన్నాళ్లూ మాస్టారు రోజూ డ్యూటీ అవగానే అతని మంచం దగ్గరికి వెళ్లి కూర్చునేవారు. క్యారేజీ విప్పేవారు కాదు.

ఇంటికి పంపేరోజు నేను కాగితాలు పట్టుకుని అక్కడే ఉన్నాను. మాస్టారు ఏదో అనబోయారు. అప్పలరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకు మీ మీద కోపం లేదు మాష్టారూ. ఇలాగ కూడా అవుతాదని ఒక్క ముక్క ముందు సెప్పుంటే బాగున్ను. అప్పుడైనా సేయించుకుందునేమో. కానీ నానే సేయించుకున్నానని అనుకుందును. ఇప్పుడు ఎవులో సేసీసినట్టుంది.”

తీసిన కీలుని కడిగి ఉడకబెట్టి నర్సు అతనికే ఇచ్చింది. దాన్ని మాస్టారి చేతిలో పెట్టి, “నా ఇంట్లో ఎందుకు? మీరుంచండి. అడిగినోల్లకి సూపించండి,” అన్నాడు.

ఆ తర్వాత ‘మీరైతే ఏం చేస్తారు’ అన్న ప్రశ్నకి మాస్టారు ఇంకెప్పుడూ ముందుగా జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేసేవారు. “నొప్పి సంగతి తర్వాత సూద్దాం. పొద్దున్న లెగిసిన కాడి నుంచి పడుకునీదాకా నీ రోజు సెప్పు.”

జనం మొదట తికమకపడేవారు. రోజులో చెప్పడానికేముంది అనేవారు. ఆయన ఊరుకునేవారు కాదు. మంచం ఎత్తెంత? దొడ్డికి ఎక్కడికెళ్తావు, బయటికా, కుర్చీలా కూర్చునేదా? బస్సా, సైకిలా? సైకిలెక్కేటప్పుడు ఏ కాలు తిప్పుతావు? దేవుడి దగ్గర ఎలా కూర్చుంటావు? రోజులో నీకు అన్నిటికంటే ఇష్టమైన పనేది? అది చెయ్యగలుగుతున్నావా? ఒక్కో మనిషికి అరగంట, ముప్పావుగంట. అదంతా అయ్యాకే ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించేవారు.

“ఇది గుండెనొప్పి కాదు బావా, ఇయాలే తేల్చీయాలని లేదు. కీలు మీద మెత్తటి పొర అరిగిపోనాది. అరిగింది మళ్లీ రాదు. ఒస్తాదని ఎవులన్నా నూనె అమ్మితే నమ్మొద్దు. మాత్రలు నొప్పి తగ్గిస్తాయి, అంతే. అదే పనిగా మింగితే కడుపూ కిడ్నీలూ పోతాయి. కర్రుంది, కసరత్తుంది, ఒల్లు తగ్గడముంది. అయ్యి సేసి కొన్నేల్లు నెట్టుకొచ్చినోల్లున్నారు. ఆపరేసనుంది. శానా మందికి నొప్పి పోతాది, సుబ్బరంగా నడుస్తారు. ఎవులో ఒకలికి ఇదిగో ఇలాగవుతాది.” అప్పుడు రేకు డబ్బా తీసేవారు. “పట్టుకో. బరువు సూడు. ఇంటికెల్లి నాలుగు రోజులు ఆలోసించుకో. మీ ఇంటిదాన్ని కూడా తీసుకురా.”

పెద్ద డాక్టరుగారికి ఇది నచ్చలేదు. ఆయన మంచి హస్తవాసి ఉన్న సర్జను, తొందర మనిషి. ఒకరోజు ఓపీ మధ్యలో కిందికి దిగొచ్చారు.

“మాస్టారూ, నేను అయిదు నిమిషాల్లో ఒప్పించిన మనిషిని మీరు గంట కూర్చోబెట్టి భయపెట్టి పంపేస్తున్నారు. ఇదేం పని?”

“బయపెట్టలేదు సార్, సెప్పినాను.”

“మీరు చెప్పింది విని ముగ్గురు మళ్లీ రాలేదు.”

“రానోల్లు రాలేదు సార్. ఒచ్చినోల్లు ఎలాగొచ్చినారో సూడండి.”

డాక్టరుగారు విసురుగా మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆ నెలంతా మాస్టారి ఉద్యోగం ఉంటుందా పోతుందా అని నాకు బెంగగా ఉండేది. పోలేదు. ఆలోచించుకుని వచ్చినవాళ్లు ఆపరేషనైన మర్నాడు నడవమంటే ఏడుస్తూనైనా నడిచారు. ఇది చెప్పలేదేమని ఎవరూ పోట్లాడలేదు. అది డాక్టరుగారూ గమనించినట్టున్నారు. ఏడాది తిరిగేసరికి ఆయనే చీటీ మీద ఆపరేషన్ అని రాసి, “కిందికెళ్లి మాస్టారితో మాట్లాడి, అప్పుడు చెప్పండి,” అనడం మొదలుపెట్టారు.

పోలమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. యారాడ నుంచి. చేపలమ్మే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, గట్టి గొంతు. కొడుకులిద్దరూ చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. రెండు తుంట్లూ అరిగాయి, ఎడమది మరీ. ఆపరేషన్‌కి కొడుకులు ఒప్పేసుకున్నారు, తేదీ కూడా అనుకున్నారు. మాస్టారు కొడుకుల్ని బయట కూర్చోమని, ఆమె రోజు చెప్పమన్నారు.

చీకటుండగానే లేవడం, వలలొచ్చే వేళకి ఒడ్డుకి దిగడం, వేలంలో చేపలు పాడుకుని తట్టకెత్తడం, కొండ దాటే బస్సెక్కడం, మల్కాపురం బజారులో కత్తిపీట ముందేసుకుని మిట్టమధ్యాహ్నం దాకా గొంతుక్కూర్చుని చేపలు కోయడం. గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“ఆపరేసనైతే నొప్పి పోతాది,” అన్నారు మాస్టారు. “కానీ కింద గొంతుక్కూకోకూడదు. కూకుంటే కీలు జారిపోతాది.”

“ఎన్నాల్లు?”

“ఎప్పటికీ.”

పోలమ్మ ఆయన వంక వింతగా చూసింది. “ఈ సంగతి నా కొడుకులకి తెల్సా?”

“తెలీదు గావోలు.”

“కింద కూకోకపోతే నానేటి? కుర్సీలో కూకుని కోస్తానా సేపలు, కలెక్టరమ్మలాగ? నాకొద్దు బాబూ ఇది.” లేచి, గోడ పట్టుకుని బయటికొచ్చేసింది. కొడుకులు మాస్టారి మీద గొడవకొచ్చారు. అమ్మ నొప్పితో ఏడుస్తోంటే మీరే చెడగొట్టారన్నారు. పెద్దవాడు వెళ్తూ వెళ్తూ నా బల్ల మీది చీటీల కట్ట తోసేసి పోయాడు.

వచ్చిన ఆదివారం నేను చేపలకోసం మల్కాపురం వెళ్తే, బజారులో మాస్టారు కనబడ్డారు. చేతిలో వడ్రంగి టేపు. పోలమ్మ ఎదురుగా మోకాళ్ల మీద వంగి, ఆమె మోకాలి ఎత్తు కొలుస్తున్నారు. చుట్టూ ఆడవాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు.

“ఒలే పోలమ్మా, ఈ బాబు నీకు జాకిట్టు కుడతాడేటే?”

ఆయన పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఒక ఎత్తు బల్లా, దాని మీద కత్తిపీట బిగించుకోవడానికి వీలుగా గాడీ, కూర్చోవడానికి కాస్త ముందుకి వాలిన పీటా చేయించి పట్టుకెళ్లారు. పోలమ్మ వాటి వైపు చూడలేదు. నలుగురిలో సిగ్గు. నెలన్నర పాటు ఆ బల్ల బజారులో వెనక్కి తిప్పి పడుంది. దాని మీద ఎవరో టార్పాలిన్ ఆరేసుకునేవారు. తర్వాత వానాకాలంలో ఒక రోజు కింద నీళ్లు నిలిచి ఎవరూ కూర్చోలేకపోయారట. పోలమ్మ ఆ బల్ల లాక్కుని కూర్చుంది. ఆ రోజు బజారులో కోసిన చేపలు ఆమెవే. మళ్లీ కిందికి దిగలేదు.

కానీ ఆపరేషన్ మాత్రం చేయించుకోలేదు. నాలుగైదేళ్ల తర్వాత ఆసుపత్రికొస్తే మాస్టారు మళ్లీ అడిగారు, “ఇప్పుడు కింద కూకోడం లేదు కదా, ఆలోసించినావేటి?” అని. ఆలోచించాననీ, వద్దనుకున్నాననీ చెప్పింది. నొప్పి పోయిందా అని నేనడిగాను.

“నొప్పెక్కడికి పోతాదమ్మా. ఉంది. ఎప్పుడొస్తాదో, ఎంతొస్తాదో నాకు తెలిసిపోనాది. దాంతో నాకు పేసీ లేదు.”

ఆమె వెళ్లాక, ఆమె చేసింది ఒప్పేనా అని మాస్టారిని అడిగాను. ఆయన, “నాకెలాగ తెలుస్తాది సెల్లమ్మా? ఆ నడక ఆమెది,” అన్నారు.

ఇవన్నీ నా కళ్లెదుట జరిగాయి. రోజూ ఆ గదిలోంచి వచ్చే మాటలు వింటూనే ఉన్నాను. అయినా నా ఇంట్లో నాకు కనబడలేదు.

మా అత్తయ్య మా దగ్గరే ఉండేది. డెబ్బై దాటాయి. తుంటి నొప్పి మొదలై మూడేళ్లు. ఎక్స్‌రే తీయించాం, డాక్టరుగారు ఆపరేషన్ చేయొచ్చన్నారు. నేనూ మా ఆయనా మాట్లాడుకుని, ఈ వయసులో కోతలెందుకు, ఇంట్లోనే కదా ఉంటోంది, మాత్రలు వాడదాం అనుకున్నాం. అత్తయ్య కూడా ‘మీ ఇష్టమర్రా’ అంది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

ఒక ఆదివారం మాస్టారిని భోజనానికి పిలిచాం. గుత్తివంకాయ, మజ్జిగపులుసు, కొత్తావకాయ. మూడోసారి అన్నం పెట్టించుకుంటుండగా, అత్తయ్య గదిలోంచి కిటికీ ఊచ పట్టుకుని లేవడం ఆయన చూశారు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“పిన్నిగోరికి ఎన్నాల్ల బట్టి?”

నేను చెప్పాను. ఆపరేషన్ ఎందుకు వద్దనుకున్నామో కూడా చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. చెయ్యి కడుక్కుని, అరచేతులు రుద్దుకుంటూ వెళ్లి ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“పిన్నిగోరూ, మీ రోజు సెప్పండి ఓసారి.”

“చెప్పేదేముందండి బాబూ, ముసలిదాని రోజు,” అని నవ్వేసింది అత్తయ్య. ఆయన కదల్లేదు. మెల్లగా మొదలుపెట్టింది. అందరికంటే ముందు లేస్తుందట. బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్లి రావడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, పిల్లల బడి వేళకి అడ్డం కాకుండా. మధ్యాహ్నం అన్నం సగమే తింటుందట. పొద్దు వాలాక మంచినీళ్లు ముట్టుకోదట.

“అదేటండీ?”

“నీళ్లు తాగితే మళ్లీ లేవాలి కదండీ. ఒకసారి అక్కడ పడిపోబోయి తలుపు పట్టుకున్నాను. మా అబ్బాయిని లేపాలంటే... వాడు షిఫ్టు డ్యూటీ చేసొచ్చి పడుకుంటాడు. తాగకపోతే గొడవే లేదు కదాండీ.”

నేను పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మూడేళ్లు. మూడు వేసవులు. సాయంత్రం పూట నేను గ్లాసుతో నీళ్లిస్తే, పక్కన పెట్టమ్మా తాగుతాలే అనేది. మర్నాడు ఆ నీళ్లు తులసిమొక్కకి పోసేది. మొక్క మీద ప్రేమనుకున్నాను.

“నాకు చెప్పలేదేం అత్తయ్యా?”

“నువ్వడగలేదు కదమ్మా,” అంది. నిష్ఠూరం కాదు. మామూలుగానే అంది. అందుకే అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తర్వాతి ఆదివారం ఆయన రేకు డబ్బా పట్టుకొచ్చారు. అన్నీ చెప్పారు. చేయించుకుంటే ఏమవుతుంది, మానేస్తే ఏమవుతుంది, చీము పట్టడం, కీలు జారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఆ వయసులో మత్తుమందు వల్ల ఉండే ప్రమాదం. అప్పలరాజు సంగతి కూడా దాచలేదు. డబ్బాలో కీలుని మా ఆయన ముట్టుకోలేదు. అత్తయ్య మాత్రం ఆ గుండుని అరచేతిలో తిప్పి తిప్పి చూసింది.

“ఎంత చల్లగా ఉందండీ!”

“లోపలికెల్తే ఎచ్చబడిపోతాది పిన్నిగోరూ.”

“ఇంతకీ నేను ముందు పోతానా, ఇది ముందు పోతుందా?”

“ఎవులు ముందో నాను సెప్పలేనండి.” ఆయన కూడా నవ్వేశారు.

అత్తయ్య ఎనిమిది రోజులు తీసుకుంది. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఎవరం ఆ మాటెత్తలేదు, మాస్టారు అలా ఆంక్ష పెట్టారు. తొమ్మిదో రోజు మా ఆయన డ్యూటీకి వెళ్తుంటే గుమ్మం దగ్గర ఆపి, “నేను చేయించుకుంటానురా. ఏవన్నా అయితే మిమ్మల్నెవర్నీ అననులే,” అంది. పెద్ద డాక్టరుగారి దగ్గర ఆమే నాలుగు ప్రశ్నలడిగింది. ఆయన కుర్చీలో ముందుకి జరిగి కూర్చుని మరీ జవాబు చెప్పారు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. మొదటి పది రోజులూ నరకం చూసింది. నడిపించడానికి మాస్టారొస్తే, “మీరొచ్చారంటే నాకు భయమండీ, వెళ్లిపోండి,” అనేది. ఆయన వెళ్లిపోయేవారు. అరగంటకి మళ్లీ వచ్చి, “ఇప్పుడు లెగుద్దామా, ఇంకో అరగంట ఆగుదామా?” అనేవారు. రెండు నెలలకి కర్రతో, నాలుగు నెలలకి కర్ర లేకుండా నడిచింది. పాదం కొంచెం పక్కకి తిరిగే ఉండిపోయింది. కింద కూర్చుని వడియాలు పెట్టడం పోయింది. అది మాత్రం ఎప్పుడూ చెప్పుకుని బాధపడేది. కానీ సాయంత్రాలు మా టౌన్‌షిప్పులో పార్కు దాకా ఒక్కతే వెళ్లి, అక్కడ బెంచీ మీద ఊళ్లోవాళ్ల సంగతులన్నీ సేకరించుకొచ్చేది. తొమ్మిదేళ్లు అలా తిరిగి, తర్వాత ఒక జ్వరంలో పోయింది.

ఆపరేషనైన రోజుల్లోనే ఒకసారి మెట్ల కింద గదికెళ్లి, ఆ రోజు మా ఇంట్లో నన్ను తిట్టలేదేమని మాస్టారిని అడిగాను. ఆయన తువ్వాళ్లు మడతపెడుతున్నారు.

“నాను అప్పలరాజుని అడిగినానేటి? మనకి తెలిసిపోయిందనుకుంటాం సెల్లమ్మా. దగ్గరోల్ల గురించి మరీను,” అన్నారు.

రిటైరయ్యాక ఆయన సబ్బవరం దగ్గర చిన్న ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. నేనూ ఉద్యోగం మానేశాను. రెండేళ్ల కిందట ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసి చూడటానికి వెళ్లాను. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. మనిషి సగమయ్యారు. నన్ను చూసి గుర్తుపట్టి, ఎడమ చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లి తిన్నావా అన్నట్టు సైగ చేశారు. తిన్నానన్నాను. నమ్మలేదు, భార్య వైపు చూసి కనుబొమలెగరేశారు. ఆవిడ ఉప్మా తెచ్చి పెట్టింది.

నేను తింటుండగా ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల. ఇంకా నాలుగిళ్లు తిరగాలట. సంచీ దించి, వస్తూనే ఆయన కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తబోయింది. ఆయన ఎడమ చేత్తో ఆమె చెయ్యి తోసేశారు. మళ్లీ పట్టుకుంది. మళ్లీ తోసేశారు. గొంతులోంచి ఏదో పెద్ద శబ్దం చేశారు.

“రోజూ ఇంతేనండి,” అంది భార్య కళ్లు తుడుచుకుంటూ. “ఊరందరి సేతా సేయించినోరు, ఆయన మట్టుకి సెయ్యనివ్వరు. మొండికేసీసినారు.”

ఆ అమ్మాయికీ ఏడుపు ముఖమైంది. “చెయ్యకపోతే బిగుసుకుపోతుంది ఆంటీ. ఆయనకి తెలీదా?”

“తెలుసమ్మా,” అన్నాను. “నీకంటే ముందు నుంచీ తెలుసు. ముందేం చెయ్యాలో ఆయన్ని అడుగు.”

“మాట రాదు కదా ఆంటీ?”

“అడిగి చూడు.”

ఆ పిల్ల నా వంక సందేహంగా చూసింది. గోడ గడియారం వైపు కూడా చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుంది.

“సర్, ఇవాళ ముందు చెయ్యి చేద్దామా, కాలు చేద్దామా? లేకపోతే కాసేపాగి మొదలుపెట్టమంటారా?”

ఆయన ఆ అమ్మాయిని చూశారు. ఒళ్లో పడున్న తన కుడి చెయ్యిని చూసుకున్నారు. తర్వాత కాలిని. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. లోపల కుక్కరు కూత పెట్టింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను, తొందరపడి లేస్తుందేమోనని. లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఆగింది.

చాలాసేపటికి మాస్టారు ఎడమ చెయ్యి మెల్లగా దించి, కుడి మోకాలి మీద రెండుసార్లు తట్టారు.

“కాలా సర్? సరే,” అంటూ ఆ అమ్మాయి కుర్చీ దిగి, ఆయన పాదాల దగ్గరికి జరిగి కూర్చుంది.